రిలే టకటకలు, అతిగా వేడెక్కే గది: సమాధానం

నేలలోని గొట్టాల్లో వేడినీరు పారించి గదిని వెచ్చబరిచే మీ ఏర్పాటులో, వాల్వును నడిపే రిలే (ప్రోగ్రాము చెప్పినప్పుడు కరెంటును కలిపి తెంచే స్విచ్చి) నిమిషానికోసారి టకటకమంటోందని, అయినా 21 డిగ్రీల దగ్గర ఆగాల్సిన గది 24 దాకా పోతోందని రాశారు. మీ ప్రోగ్రాములో పెద్ద తప్పేమీ లేదు. నేలను మీరు గాలి హీటరులా చూస్తున్నారు, అదే చిక్కు. కాంక్రీటు పొర వేడెక్కడానికి గంటలు పడుతుంది. వాల్వు మూసినా దాచుకున్న వేడిని గంటల తరబడి వదులుతూనే ఉంటుంది. పైగా వాల్వు మీది మైనపు యాక్చుయేటర్ (లోపలి మైనం వేడికి ఉబ్బి వాల్వును తెరిచే పరికరం) పూర్తిగా తెరుచుకోవడానికే కొన్ని నిమిషాలు కావాలి. మీరు నిమిషానికో ఆదేశమిస్తుంటే పాపం అది సగంలోనే ఊగిసలాడుతుంది.

20 నిమిషాల చక్రం పెట్టుకోండి. గది ఒక డిగ్రీ తక్కువుంటే మొత్తం 20 నిమిషాలు వాల్వు తెరవండి, అర డిగ్రీ తక్కువైతే 10. లెక్క ఐదు నిమిషాల లోపు వస్తే అసలు తెరవకండి. గది పావు డిగ్రీ తక్కువలో నిలబడిపోతే కంగారు పడకండి, ఈ పద్ధతి స్వభావమే అంత.

గది ఉష్ణోగ్రతను కొలిచే డీఎస్18బీ20 సెన్సరు ఉన్నట్టుండి 85 డిగ్రీలు చూపిస్తే ఆ విలువను పారేయండి. కొలత మొదలవకముందు అందులో ఉండే అంకె అది.

ఒక్కటి మాత్రం వాయిదా వేయకండి: నేలలోకి వెళ్లే వేడినీటి గొట్టంపై విడిగా యాంత్రిక థర్మోస్టాట్ (నీరు మరీ వేడెక్కితే ప్రోగ్రాముతో పనిలేకుండా తానే కరెంటు తెంచేది) బిగించి, పంపు కరెంటును దాని గుండానే పంపండి. నా ప్రోగ్రాము ఒక రాత్రి స్తంభించినప్పుడు నేలను కాపాడింది అదే.