రోస్టర్‌లో పేరుంటే సెలెక్ట్ అయినట్టేనా?

ప్రశ్న: మేం ఎడ్మంటన్‌లో ఉంటాం, సొంతూరు గుంటూరు. మా అబ్బాయికి 18 ఏళ్లు, ఐస్ హాకీలో డిఫెన్స్ ఆడతాడు. డబ్ల్యూహెచ్‌ఎల్‌లో, అంటే ఇక్కడి పశ్చిమ ప్రాంతపు జూనియర్ లీగ్‌లో, రెండు సీజన్లు పూర్తిచేశాడు. జూన్‌లో ఎన్‌హెచ్‌ఎల్ (ఇక్కడి పెద్ద ప్రొఫెషనల్ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునేటప్పుడు, ఎవరూ తీసుకోలేదు. ఇప్పుడు ఒక ఎన్‌హెచ్‌ఎల్ టీమ్ సెప్టెంబర్‌లో కుర్రాళ్ల కోసం జరిగే ప్రాస్పెక్ట్స్ టోర్నమెంట్‌కి ట్రైఔట్ కింద రమ్మని పిలిచింది. ఇంకోపక్క అమెరికాలో ఒక కాలేజీ వచ్చే ఏడాదికి స్కాలర్‌షిప్‌తో సీటు ఇస్తామంటోంది. ఈ టోర్నమెంట్ ఆడితే కాలేజీ తరఫున ఆడే అర్హత పోతుందా? మావాడేమో "చదువు సంగతి తర్వాత చూద్దాం నాన్నా" అంటున్నాడు. ఊళ్లో మా నాన్నగారు మాత్రం మనవడు పెద్ద టీమ్‌కి సెలెక్ట్ అయ్యాడని వీధంతా చెప్పేశారు.

జవాబు: ముందు పెద్దాయనకి ఫోన్ చేసి స్వీట్లు పంచడం కాస్త ఆపమనండి. సంతోషించొద్దని కాదండీ. డబ్ల్యూహెచ్‌ఎల్‌లో ఆడటమే సామాన్యం కాదు, అందులోంచి పిలుపు రావడం ఇంకా పెద్ద మాట. కానీ మీరు "సెలెక్ట్" అనుకుంటున్నది, టీమ్ వాళ్లు "ఇన్వైట్" అంటున్నది ఒకటి కాదు. మీ ఇంట్లో టెన్షన్ అంతా ఈ తేడా దగ్గరే ఉంది.

రోస్టర్, అంటే టోర్నమెంట్‌కి దిగే ఆటగాళ్ల జాబితా, ఎలా తయారవుతుందో చెప్తాను. డ్రాఫ్ట్‌లో 32 టీమ్‌లు, ఏడు రౌండ్లు, మొత్తం 224 మంది. అంటే ఒక్కో టీమ్‌కి ఏడాదికి సగటున ఏడుగురు. ఆ ఏడుగురిలో అమెరికన్ కాలేజీల్లో చదివేవాళ్లకి సెప్టెంబర్‌లో క్లాసులుంటాయి, కాలేజీ నిబంధనలూ ఒప్పుకోవు, కాబట్టి సాధారణంగా రారు. వాళ్లంతా జూలైలో జరిగే డెవలప్‌మెంట్ క్యాంప్‌లో కనిపిస్తారు. స్వీడన్, రష్యా కుర్రాళ్లలో చాలామందికి అప్పటికే అక్కడ లీగ్ మొదలైపోయి ఉంటుంది, వాళ్లూ రారు. గాయాలతో ఒకరిద్దరు ఆగిపోతారు. కానీ మ్యాచ్ ఆడాలంటే 20 మంది దిగాలి కదా, 12 మంది ఫార్వర్డ్‌లు, ఆరుగురు డిఫెన్స్, ఇద్దరు గోలీలు. నాలుగు రోజుల్లో మూడు మ్యాచ్‌లంటే అదే ఆరుగురిని తిప్పి తిప్పి ఆడించలేరు. ఆ ఖాళీలు నింపడానికి జూనియర్ లీగ్‌ల నుంచి డ్రాఫ్ట్ కాని పిల్లల్ని పిలుస్తారు. మీవాడు అలా వచ్చినవాడు. చిన్నబుచ్చడానికి అనడం లేదు, కొలత తెలియాలి కాబట్టి అంటున్నా.

కొన్నేళ్ల కిందట పెంటిక్టన్‌లో యంగ్ స్టార్స్ క్లాసిక్ చూడ్డానికి వెళ్లాను, తెలిసినవాళ్లబ్బాయి ఆడుతున్నాడని. వాంకూవర్ కనక్స్ 2010లో మొదలుపెట్టిన టోర్నమెంట్ అది. స్టాండ్స్‌లో సగం మంది చేతుల్లో రోస్టర్ కాగితం ఉంది. నంబరు, పేరు, ఎత్తు, బరువు, ఏ జట్టు నుంచి వచ్చాడు, చివరి గడిలో ఏ ఏడాది ఏ రౌండ్‌లో తీసుకున్నారో. కొందరి పేర్ల ఎదురుగా ఆ చివరి గడిలో రౌండ్ ఉండదు, "ఇన్వైట్" అని ఉంటుంది. నా పక్క సీట్లో కూర్చున్న ఒకావిడ ఆ గడి మీద బొటనవేలు పెట్టి మూసుకుని మ్యాచ్ చూసింది, చాలాసేపటికి గాని అర్థం కాలేదు నాకు, ఆవిడ కొడుకు పేరు ఆ వరసలోనే ఉందని. కాగితం మీద ఒక్క మాటే, ఇంట్లోవాళ్లకి ఎంత బరువో.

అయితే ఆ గడిలోంచి పైకి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఫిలిప్ మైయర్స్ అని, మీవాడిలాగే డిఫెన్స్, 2015 డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, అదే సెప్టెంబర్‌లో ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ క్యాంప్‌కి ఇన్వైట్‌గా వెళ్లి కాంట్రాక్టుతో బయటికొచ్చాడు, తర్వాత ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడాడు. మనకి దగ్గరి ఉదాహరణ కావాలంటే సర్రీలో పెరిగిన పంజాబీ కుర్రాడు అర్ష్‌దీప్ బైన్స్. అతన్నీ ఎవరూ డ్రాఫ్ట్ చెయ్యలేదు. రెడ్ డీర్ రెబెల్స్ తరఫున 2021-22లో 112 పాయింట్లతో డబ్ల్యూహెచ్‌ఎల్ మొత్తానికి టాప్ స్కోరర్ అయిన ఆ సీజన్‌లో గాని కనక్స్ సంతకం చేయించుకోలేదు, 2024లో ఎన్‌హెచ్‌ఎల్ మంచు మీద దిగాడు. అప్పటికి వయసు 23. మైయర్స్‌కి కాంట్రాక్టు 18లో, బైన్స్‌కి ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్ 23లో. మీవాడికి ఈ సెప్టెంబర్ ఒక్కటే అవకాశం అని ఎవరైనా చెప్తే నమ్మకండి. డ్రాఫ్ట్ కూడా ఇంకా అయిపోలేదు, వచ్చే జూన్‌లో మళ్లీ అర్హుడే.

ఇక అసలు ప్రశ్న, కాలేజీ అర్హత. చాలా ఏళ్లు డబ్ల్యూహెచ్‌ఎల్, ఓహెచ్‌ఎల్ (ఒంటారియో లీగ్), క్యూబెక్ లీగ్‌లలో అడుగుపెడితేనే అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ తలుపు మూసేసేది, వాళ్ల లెక్కలో అవి ప్రొఫెషనల్ లీగ్‌లు. ఎంత కఠినంగా ఉండేదంటే, ఒంటారియోలో ఒక కుర్రాడు 16 ఏళ్లప్పుడు ఓహెచ్‌ఎల్ జట్టు విండ్సర్ స్పిట్‌ఫైర్స్‌కి రెండంటే రెండు ఎగ్జిబిషన్ మ్యాచ్‌లు ఆడినందుకు డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై స్థాయి) అర్హత పోయింది. 2024 ఆగస్టులో కోర్టుకెక్కాడు. అదే ఏడాది నవంబర్ 7న ఎన్‌సీఏఏ నిబంధన మార్చింది, 2025 ఆగస్టు 1 నుంచి ఆ లీగ్‌ల పిల్లలూ అర్హులే, అసలు ఖర్చులకు మించి డబ్బు తీసుకుని ఉండకూడదు, అంతే. మెడిసిన్ హాట్ టైగర్స్‌లో ఆడిన గావిన్ మెకెన్నా అంతటి పేరున్న కుర్రాడు అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీలో చేరింది ఆ మార్పు వల్లే. మీవాడికి కాలేజీ ఆఫర్ వచ్చిందీ అందుకే.

తలుపు తెరిచారు సరే, గడప మాత్రం అలాగే ఉంది. ప్రో టీమ్ ట్రైఔట్ గురించి ఎన్‌సీఏఏలో చాలాకాలంగా ఉన్న లెక్క ఇది: కాలేజీలో చేరకముందు ఒక్కో టీమ్ ఖర్చుతో ఒక్కసారి వెళ్లొచ్చు, అదీ 48 గంటలు. పిల్లాడు అక్కడ దిగిన క్షణం నుంచి గడియారం మొదలు. ఆ పైన ఉండాలంటే హోటల్, భోజనం, తిరుగు టికెట్ అన్నీ మీ జేబులోంచే. మీ ఖర్చుతో అయితే ఎన్ని రోజులైనా పర్వాలేదు. టోర్నమెంట్ నాలుగు రోజులు, దాని ముందు మెడికల్స్, ప్రాక్టీస్. 48 గంటలు ఎప్పుడు దాటిపోయాయో కూడా తెలియదు. ఇంకోటి, ప్రో టీమ్‌తో కలిసి ప్రాక్టీస్ చెయ్యడం వేరు, వాళ్ల జెర్సీ వేసుకుని బయటి జట్టుతో మ్యాచ్ ఆడటం వేరు, ఈ రెండోదాన్ని ఎన్‌సీఏఏ ఎప్పుడూ అనుమానంగానే చూస్తూ వచ్చింది. రూల్స్ ఏడాదికోసారి మారుతున్న ఈ రోజుల్లో మీ స్నేహితుడి కొడుకు నిరుడు ఆడాడు, ఏం కాలేదు అన్న మాట మీద మాత్రం వెళ్లకండి.

కాబట్టి ఈ వారమే చెయ్యాల్సిన పని ఒకటుంది. ఆ కాలేజీ కోచ్‌కి కాదు, కంప్లయన్స్ ఆఫీసుకి, అంటే కాలేజీలో ఈ నిబంధనలు చూసే విభాగానికి, మెయిల్ పెట్టండి. కోచ్ మంచివాడే కావచ్చు, ఫోన్‌లో "నో ప్రాబ్లమ్" అంటాడు, రేపు ఆ మాట ఎక్కడా ఉండదు. ఏ టీమ్, ఏ తేదీలు, ఎన్ని మ్యాచ్‌లు, టికెట్ ఎవరు కొంటున్నారు, రోజు ఖర్చులకి డబ్బు ఇస్తారా, ట్రైఔట్ ఫారం మీద ఏం రాసుంది, అన్నీ రాసి ఆ ఫారం కూడా జతచేసి "వెళ్లొచ్చా" అని అడగండి. జవాబు రాతపూర్వకంగా రావాలి. అది వచ్చేదాకా మీవాడు ఎక్కడా సంతకం పెట్టకూడదు, ఫారం ఎంత చిన్నదైనా సరే. ఎవరైనా ఏజెంట్ వచ్చి నేను చూసుకుంటా అంటే ఆ కాగితం కూడా అదే ఆఫీసుకి వెళ్లాలి. కంప్లయన్స్ వాళ్లు వద్దన్నారనుకోండి, అప్పుడు కూర్చుని మాట్లాడుకోవాల్సిందే, నా ఓటు మాత్రం కాలేజీకే. నాలుగు రోజుల ట్రైఔట్‌కి నాలుగేళ్ల స్కాలర్‌షిప్ ఇచ్చుకోవడం బేరం కాదు.

ఒకవేళ వెళ్లాక నిజంగానే కాంట్రాక్టు ఇస్తామన్నారే అనుకోండి. అప్పుడు లెక్క వేరు. సంతకం పెట్టిన రోజే ఎన్‌సీఏఏ దారి మూసుకున్నట్టు అనుకోవాలి. మామూలుగా ఈ వయసు పిల్లల్ని సంతకం చేయించుకుని కూడా తిరిగి జూనియర్‌కే పంపిస్తారు, వెంటనే లక్షలు వచ్చి పడవు. ఆ రాత్రే జవాబు చెప్పమంటే ఒక్క రోజు గడువు అడగండి, అడిగినందుకు ఎవరూ వెనక్కి తీసుకోరు.

మీవాడు "చదువు తర్వాత" అంటున్నాడు కదా, వాడితో వాదించకండి, వాడి డబ్ల్యూహెచ్‌ఎల్ ఒప్పందం తీసి టేబుల్ మీద పెట్టండి. ఆడిన ఒక్కో సీజన్‌కి ఒక ఏడాది ట్యూషన్, పుస్తకాలు, తప్పనిసరి ఫీజులు లీగ్ స్కాలర్‌షిప్ కింద వస్తాయి, అంటే వాడు ఇప్పటికే రెండేళ్ల చదువు సంపాదించి పెట్టుకున్నాడు. ఎప్పటిలోగా వాడుకోవాలి, ప్రో కాంట్రాక్టు మీద సంతకం పెడితే ఏమవుతుంది అన్న పేరాలు వాడి చేతే పైకి చదివించండి. ఎన్‌సీఏఏ డివిజన్ 1కి హైస్కూల్లో 16 కోర్ కోర్సులు (ముఖ్యమైన సబ్జెక్టులు), అందులో 2.3 జీపీఏ (గ్రేడ్‌ల సగటు) కావాలి. అల్బర్టాలో పిల్లలు ప్రాక్టీసుల హడావిడిలో తేలికైన మ్యాథ్స్ కోర్సుకి జారిపోవడం నేను చాలా చూశాను, మీవాడు తీసుకున్నవి లెక్కలోకి వస్తాయో లేదో ఎన్‌సీఏఏ వాళ్ల ఎలిజిబిలిటీ సెంటర్ అకౌంట్‌లో ఇప్పుడే చూసుకోండి, వచ్చే వేసవిలో కాదు.

ఆట గురించి నేను చెప్పేది లేదు, దానికి కోచ్ ఉన్నాడు. ఒక్కటే, క్యాంప్ అయ్యాక "నీ జూనియర్ టీమ్‌కి వెళ్లు" అంటే దాన్ని గెంటేయడంగా తీసుకోవద్దని ముందే చెప్పి పంపండి. ఇన్వైట్‌గా వెళ్లినవాళ్లలో ఎక్కువమంది వినేది ఆ మాటే. వెళ్లేటప్పుడు ఏం మెరుగుపరుచుకోవాలో అడిగి రాసుకుని రమ్మనండి, మామూలుగా డబ్బు పోసినా దొరకని ఉచిత సలహా అది.

మీ అబ్బాయి కెనడా పౌరుడో కాదో మీరు రాయలేదు. ఇంకా పీఆర్ మీద, ఇండియన్ పాస్‌పోర్ట్‌తోనే ఉంటే, టోర్నమెంట్ అమెరికాలో అయితే కెనడా పీఆర్ కార్డు అక్కడ పనికిరాదు, అమెరికా వీసా ఉండాలి. సియాటిల్, పోర్ట్‌లాండ్ మ్యాచ్‌ల కోసం ఇప్పటికే తీసుకుని ఉంటారు, దాని గడువు తేదీ, ట్రైఔట్‌కి అది సరిపోతుందా అన్నది టీమ్ ఆఫీసుని అడిగేయండి.