స్విచ్ ఆపినంత మాత్రాన కరెంటు పోదు: మేనల్లుడికి ఉత్తరం

చి. మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. వేసవి సెలవుల్లో బడిలోని అరవై ట్యూబ్‌లైట్లకు పాత చోకులు (ట్యూబుకు వెళ్లే కరెంటును అదుపు చేసే పెట్టెలు) తీసి ఎలక్ట్రానిక్ చోకులు బిగించే పని ఒప్పుకున్నావని అక్క ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. పాత రాగి చోకు ఒక్కొక్కటీ వేడి రూపంలోనే పది, పన్నెండు వాట్లు తినేస్తుంది. ఆ గుయ్‌మనే మోత, మిణుకులు పోతే పిల్లలకు ఎంతో హాయి. పని నీకు తెలుసు, చేతి పనితనం కూడా మంచిదే. అందుకే నాకు భయం. చేతి పనితనం ఉన్నవాడే స్విచ్ ఆపి, ట్యూబు ఆరిందని చూసి, నేరుగా స్క్రూ డ్రైవర్ పెట్టేస్తాడు. నేనూ అలాగే చేశాను.

నాకు అప్పుడు ముప్పై ఏళ్లు. ఒక కార్యాలయంలో ఇదే పని. స్విచ్ ఆపాను, ట్యూబు ఆరింది. అల్యూమినియం నిచ్చెన ఎక్కి, ట్యూబు బిగించే రేకు పట్టీ మూత తీశాను. ఎడమ చేత్తో గోడ మీది ఇనుప పైపు పట్టుకుని, కుడి చేత్తో చోకు వైరు వదులు చేస్తుంటే వేలు స్క్రూకు తగిలింది. కింద పడ్డాక గానీ ఏం జరిగిందో తెలియలేదు. భుజం ఎముక విరిగింది. బోర్డులో ఎవరో ఫేజు (కరెంటు మోసుకొచ్చే వైరు) బదులు న్యూట్రల్‌ను (కరెంటు తిరిగి వెళ్లే వైరును) స్విచ్‌కి ఇచ్చారు. అలాంటి చోట స్విచ్ ఆపితే లైటు ఆరుతుంది, నిజమే. కానీ ఫేజు మాత్రం నేరుగా పట్టీలోకి వచ్చి, చోకు దాకా, ట్యూబు హోల్డరు దాకా నిలిచే ఉంటుంది. లైటు ఆరిందంటే దారి ఎక్కడో తెగిందని అర్థం. ఏ వైపు తెగిందో లైటు చెప్పదు.

కాబట్టి ప్రతి గదికీ ఎం.సి.బి. (కరెంటు మితిమీరితే తనంతట పడిపోయే బోర్డు స్విచ్) దించు. అది చాలదు. బడి ఆఫీసు గదిలో, కంప్యూటర్ గదిలో ఇన్వర్టర్ తప్పకుండా ఉంటుంది. నువ్వు మెయిన్ దించిన మరుక్షణం ఇన్వర్టర్‌కు కరెంటు పోయినట్లే లెక్క. అది వెంటనే బ్యాటరీ మీదికి మారి తన వైర్లలోకి మళ్లీ 230 వోల్టులు పంపుతుంది. బడిని చీకటి చేశానని నువ్వు అనుకుంటున్న క్షణంలోనే కొన్ని పట్టీలు బతికి ఉంటాయి. ఇంకా చెడ్డ సంగతి, ఇన్వర్టర్ లైన్‌కూ మామూలు లైన్‌కూ న్యూట్రల్ ఒకటే కలిపి లాగిన చోట్లు చాలా ఉన్నాయి. అక్కడ న్యూట్రల్ అతుకు విప్పావంటే, అవతల వెలుగుతున్న లైటు గుండా ఫేజు వచ్చి ఆ నల్ల వైరు కొసలో నిలబడుతుంది. నల్ల వైరే కదా అని పట్టుకుంటావు. మొదటి రోజు పొద్దున్న వెళ్లగానే ఇన్వర్టర్ ఎక్కడుందో, ఏ గదులకు వెళుతుందో కనుక్కో. దాని అవుట్‌పుట్ విడదీయించి, బోర్డు దగ్గర పని జరుగుతోందని కాగితం అంటించు. వీలైతే ఎం.సి.బి. పెట్టెకు తాళం వేసి చెవి జేబులో పెట్టుకో.

ఇక టెస్టర్ గురించి. నీ జేబులోని నియాన్ టెస్టర్ మంచిదే, కానీ దాని మాట ఒక్కటే నమ్మకు. ఎండ వెలుతురులో దాని వెలుగు కనబడదు. పొడి చెక్క నిచ్చెన మీద ఉంటే కొన్నిసార్లు సరిగా వెలగదు. ముందు కరెంటు ఉన్న చోట పెట్టి చూడు, తర్వాత పట్టీలో చూడు, మళ్లీ కరెంటు ఉన్న చోట చూడు. మూడోసారి ఎందుకంటే, మధ్యలో అదే పాడయ్యిందేమో తెలియాలి. దాంతోపాటు వోల్టులు చూపే మీటరు గానీ టెస్ట్ ల్యాంపు (రెండు వైర్లు తగిలించిన బల్బు) గానీ వాడు. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య మాత్రమే చూసి ఊరుకోకు. న్యూట్రల్ ఎక్కడో తెగి ఉంటే ఆ రెండిటి మధ్య ల్యాంపు వెలగదు, ఫేజు మాత్రం చంపడానికి సిద్ధంగా ఉంటుంది. ఫేజుకూ ఎర్త్‌కూ, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య కూడా చూడాలి. ఆర్.సి.సి.బి. (కరెంటు ఎర్త్‌కు కారితే పడిపోయే స్విచ్) ఉన్న లైన్‌లో ఫేజు బతికి ఉంటే ల్యాంపుతో ఎర్త్‌కు చూసినప్పుడు అది పడిపోతుంది, అక్కడ మీటరే మేలు. ఇదంతా అరవై పట్టీలకూ అరవై సార్లు చేయాలి. పదో పట్టీ దగ్గర విసుగు వస్తుంది. ప్రమాదం ఆ తర్వాతే.

ఎలక్ట్రానిక్ చోకు లోపల కథ వేరు. వచ్చిన 230 వోల్టులను అది డీసీగా మార్చి కెపాసిటర్‌లో నింపుకుంటుంది, అక్కడ దాదాపు 325 వోల్టులు ఉంటాయి. వెలుగుతున్న చోకును ఆపితే ట్యూబే ఆ నిల్వను చాలావరకు లాగేసుకుంటుంది. పాడై ఆగిపోయిన చోకులో లాగేది ఏదీ ఉండదు, నిల్వ అలాగే ఉండిపోవచ్చు. చెడిన చోకు విప్పి ట్రాన్సిస్టర్ మార్చే అలవాటు నీకు ఉందని విన్నాను. విప్పితే ముందు కెపాసిటర్ కాళ్ల మధ్య మీటరు పెట్టి చూడు. స్క్రూ డ్రైవర్ అడ్డం పెట్టి మెరుపు తెప్పించకు, రెసిస్టర్ గుండా మెల్లగా దించు. ట్యూబు వైపు వైర్లలో 20,000 హెర్ట్జ్ పైబడిన కరెంటు ఉంటుంది. ట్యూబు ఒక కొస హోల్డరులో పెట్టి రెండో కొస పిన్నులు వేళ్లతో పట్టుకుని స్విచ్ వేయించకు. ట్యూబు పెట్టేది, తీసేది కరెంటు లేనప్పుడే.

ఎర్త్ విషయంలో రాజీ పడకు. ఈ చోకుల్లో రేడియో గోల అణచే చిన్న కెపాసిటర్ల నుంచి కొద్దిపాటి కరెంటు లోహపు పెట్టె మీదికి వస్తుంటుంది. ఎర్త్ లేకపోతే పట్టీ మీద చెయ్యి వేసినప్పుడు చీమలు పాకినట్లు ఉంటుంది. ప్రాణం తీయదు గానీ, నిచ్చెన మీద ఉన్నవాడు ఉలిక్కిపడటానికి అది చాలు. పైకప్పు దాకా ఆకుపచ్చ వైరు లాగని పాత గదుల్లో, ఎర్త్ బదులు న్యూట్రల్‌నే పట్టీకి కలిపేవాళ్లను నేను చూశాను. న్యూట్రల్ ఎప్పుడైనా తెగితే ఆ పట్టీ మొత్తం 230 వోల్టులతో వేలాడుతుంది. అలా చేయమని హెడ్‌మాస్టర్ అడిగినా చేయవద్దు. ఎర్త్ వైరు లాగడానికి అదనంగా ఎంత అవుతుందో చెప్పు, ఒప్పుకోకపోతే ఆ గది వదిలెయ్.

మిగిలినవి నీకు తెలిసినవే. స్టార్టర్, పాత కెపాసిటర్ పూర్తిగా తీసేయి. చోకు మీద అచ్చు వేసిన బొమ్మ ప్రకారమే వైర్లు కలుపు, ఒక కంపెనీది ఇంకో కంపెనీకి సరిపోదు. పట్టీ రేకు అంచున వైరు నలగకుండా చూడు. మెగ్గర్ (వైర్ల తొడుగు గట్టిదనం చూసే మీటరు) వేసేటప్పుడు చోకులు విడదీయి, అది పంపే 500 వోల్టులకు అవి పాడైపోవచ్చు. ఒకేసారి ఎక్కువ చోకులు వెలిగించినప్పుడు ఎం.సి.బి. పడిపోతే, పెద్దది వేసి సరిపెట్టకు. వైరు ఓర్చుకునే పరిమితి మారదు. లైన్లు విడగొట్టు, లేదా అదే ఆంపియర్లలో, వెలిగించిన క్షణంలో వచ్చే పెద్ద కరెంటును ఓర్చుకునే సి టైపు ఎం.సి.బి. వెయ్యి. ఆ బడిలో కొన్ని పట్టీల్లో చోకు తీసేసి ఎల్ఈడీ ట్యూబుకు నేరుగా కరెంటు ఇచ్చి ఉండవచ్చు, వాటిని ముందే గుర్తించి పట్టీ మీద రాసిపెట్టు.

అల్యూమినియం నిచ్చెన తీసుకువెళ్లకు. కింద ఒక మనిషి ఉండాలి, అతనికి ఎం.సి.బి. పెట్టె ఎక్కడుందో తెలిసి ఉండాలి.

నా టెస్ట్ ల్యాంపు రేపటి బస్సు పార్సిల్‌లో పంపుతున్నాను. వైర్లు కొత్తవి వేశాను, కొసలకు తొడుగులు వేసి కేవలం రెండు మిల్లీమీటర్ల లోహం బయటకు ఉంచాను. ఇన్వర్టర్ వైర్లు ఏ గదులకు వెళుతున్నాయో తెలిశాక, మొదటి పట్టీ విప్పక ముందు నాకు ఫోను చెయ్యి.

మీ మామయ్య