వైర్‌లెస్ నీటి మీటర్ల రీడింగ్ రిసీవర్‌కి అందడం లేదు, సెట్టింగ్ ఎలా?

విశాఖ ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్‌కో నీటి మీటర్, కింద వాచ్‌మన్ గదిలో రిసీవర్, ఒక్క రీడింగూ రావడం లేదు అని కదా మీ ప్రశ్న. ముందు రిసీవర్‌ని వదిలేసి మీటర్ మీది లేబుల్ చూడండి. వైర్‌లెస్ ఎం-బస్ (మీటర్ రీడింగులు రేడియోలో పంపే యూరప్ ప్రమాణం) మీటరైతే యూరప్ లెక్కన టీ1, సీ1 మోడ్‌లకు (అంటే పంపే పద్ధతులకు) 868.95 మెగాహెర్ట్జ్, ఎస్ మోడ్‌కు 868.3. మన దగ్గర లైసెన్స్ అక్కర్లేని బ్యాండ్ 865 నుంచి 868 వరకే కాబట్టి ఇక్కడి కోసం చేసిన మీటర్ ఫ్రీక్వెన్సీ వేరుగా ఉండొచ్చు. అదే లోరా (ఇంకో రకం రేడియో పద్ధతి) మీటరైతే ఎం-బస్ రిసీవర్‌కి చెవుడే, సెట్టింగులు ఎన్ని మార్చినా దండగ.

ఫ్రీక్వెన్సీ, మోడ్ కలిశాక రిసీవర్‌లో మీటర్ నంబర్, ఏఈఎస్ కీ (రీడింగ్‌కి వేసిన రహస్య తాళం తెరిచే కోడ్) ఎక్కించాలి. కీ 128 బిట్లు, అంటే 32 హెక్స్ అక్షరాలు (0-9, A-F). సిగ్నల్ వస్తున్నా రీడింగ్ తెరుచుకోకపోతే ముందు కీనే అనుమానించండి. అది మీటర్ అమ్మినవాళ్ల దగ్గరే దొరుకుతుంది.

రిసీవర్ యాంటెన్నా పొడవు రేడియో తరంగదైర్ఘ్యంలో పావు వంతు, సుమారు 8.6 సెంటీమీటర్లు. ఇనుప బీరువా పక్కన పెట్టకండి. నేనైతే గది బయటికి తెస్తాను, కాకపోతే మన సముద్రపు గాలికి కనెక్టర్ తుప్పు పట్టకుండా టేపు గట్టిగా చుట్టాలి.