ప్లేటు వేసిన కాలు మళ్లీ విరిగింది... డాక్టరు మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది రావులపాలెం దగ్గర పల్లె. మా పామెరేనియన్ రెండు కిలోలు ఉంటుంది. మంచం మీంచి దూకి ముందుకాలు విరగ్గొట్టుకుంది. రాజమండ్రిలో ఒక ప్రైవేటు పశువుల డాక్టరు ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. 38 వేలయింది. ఐదు వారాలకు ప్లేటు దగ్గరే ఎముక మళ్లీ విరిగింది. 'చిన్న కుక్కలకు ఇది మామూలే' అంటున్నారు. ఎక్స్‌రేలు అడిగితే ఇవ్వడం లేదు. కేసు వేయొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: వేయొచ్చమ్మా. డబ్బు తీసుకుని చేసిన వైద్యం మనిషికైనా కుక్కకైనా సేవే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. డాక్టరుది రాజమండ్రి అయినా, మీరుండే ప్రాంతపు కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. ఇదే ఆపరేషన్ ప్రభుత్వ పశువైద్యశాలలో ఉచితంగా జరిగి ఉంటే ఈ దారి ఉండేది కాదు.

అయితే వేయడం వేరు, గెలవడం వేరు. ఎముక మళ్లీ విరిగింది కాబట్టి డాక్టరుదే తప్పంటే కమిషన్ ఒప్పుకోదు. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది మనుషుల డాక్టర్ల గురించే అయినా, ఇక్కడా చూసేది అదే: ఆ వృత్తిలో మామూలు నైపుణ్యం ఉన్నవారు తీసుకునే జాగ్రత్త ఈ డాక్టరు తీసుకున్నారా, లేదా? రుజువు చేయాల్సింది మీరే.

మా దగ్గరికి వచ్చేవన్నీ గేదెల ఇన్సూరెన్సు తగాదాలు. అందుకే తెలిసిన వెటర్నరీ సర్జన్‌ని అడిగాను. ఇంత చిన్న కుక్కల్లో ముందుకాలి ఎముక కింది భాగం పెన్సిల్ కంటే సన్నం, రక్తప్రసరణ కూడా తక్కువ. వట్టి కట్టు కడితే చాలాసార్లు అతకదు, కాబట్టి ప్లేటు వేయడం సరైన వైద్యమే. కానీ స్క్రూ లావు ఎముక వెడల్పులో మూడో వంతు, మహా అయితే 40 శాతం దాటకూడదట. దాటితే ఆ రంధ్రం దగ్గరే ఎముక విరిగే ప్రమాదం ఎక్కువ. అది ఎక్స్‌రే మీద కొలిస్తే తెలిసిపోతుంది.

అందుకే ఎక్స్‌రేలు, ఆపరేషన్ వివరాలు, స్క్రూల సైజులు, మీరు సంతకం పెట్టిన కాగితం ఇవ్వమని రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాయండి. రసీదు దాచుకోండి. అప్పటికీ ఇవ్వకపోతే, తెప్పించమని కమిషన్‌నే అడగొచ్చు. నిపుణుల అభిప్రాయానికి విజయవాడ దగ్గరి గన్నవరం పశువైద్య కళాశాలలో ప్రయత్నించండి.

ఒక సంగతి మీరు రాయలేదు. ఈ ఆపరేషన్ తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలు కుక్కని బోనులో ఉంచాలి, గెంతనివ్వకూడదు. ఆ మాట మీకు చెప్పారా? చెప్పినా వదిలేసి ఉంటే కేసు మానుకోండి, అవతలి లాయరు మొదట అడిగేది అదే. అసలు చెప్పనే లేదంటే, ఎముక అతక్కపోవచ్చని ముందు హెచ్చరించనూ లేదంటే, నా లెక్కలో స్క్రూ సైజు కంటే అదే మీకు గట్టి పాయింటు.

38 వేలు, రెండో ఆపరేషన్ ఖర్చు, మానసిక వేదనకు కొంత అడగండి. చట్టం దృష్టిలో కుక్క ఆస్తే కాబట్టి లక్షలు ఆశించకండి. మీరు కట్టింది 5 లక్షల లోపే కనుక ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు.

టెన్షన్ పడి ఇవాళే ఫిర్యాదు రాయక్కర్లేదు, ముందు కాలు చూపించండి. రెండో ఆపరేషన్‌కి ముందు వేరే చోట ఎక్స్‌రే తీయించండి. తీసేసిన ప్లేటు, స్క్రూలు పారేయనివ్వకుండా అడిగి తెచ్చి, తేదీ రాసిన కవరులో పెట్టి ఉంచండి.