పడింది బల్గేరియాలో, కేసు వేయాల్సింది విజయవాడలో

ప్రశ్న: మాది విజయవాడ. హైదరాబాదులోని ఒక ట్రావెల్ ఏజెన్సీ దగ్గర ప్యాకేజీ తీసుకుని 2024 సెప్టెంబరులో నేను, నా భార్య బల్గేరియాలోని రొడోపి పర్వతాల్లో వారం రోజుల గుర్రపు స్వారీ యాత్రకి వెళ్లాం. ఇన్సూరెన్సుతో సహా ఇద్దరికీ 6,20,000 రూపాయలు కట్టాం. సెప్టెంబరు 12న మధ్యాహ్న భోజనం తర్వాత బయల్దేరి దిగుడు దారిలో వెళ్తుంటే జీను పక్కకి తిరిగిపోయి ఆమె కింద పడింది. కుడి మణికట్టు విరిగింది. ప్లోవ్‌దివ్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. ఆమె డెంటిస్టు. ఇప్పటికీ చెయ్యి పూర్తిగా తిరగదు, ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. స్వారీ ‘అడ్వెంచర్ స్పోర్ట్’ కిందికి వస్తుందని ఇన్సూరెన్సు వాళ్లు 2025 జనవరి 18న క్లెయిమ్ తిరస్కరించారు. ఏజెన్సీ వాళ్లేమో ‘మేం బుకింగ్ ఏజెంట్లం మాత్రమే, అక్కడి వాళ్లు విచారిస్తున్నారు’ అని అప్పటినుంచీ తిప్పుతున్నారు. 75,000 వోచర్ ఇస్తామంటున్నారు. ‘గెస్ట్‌హౌస్ మెట్ల మీద జారిపడిందని మళ్లీ క్లెయిమ్ పెట్టండి, పాసవుతుంది’ అని వాళ్ల మనిషి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ కూడా పంపాడు. ప్రమాదాలకి బాధ్యత మాదే అన్న కాగితం మీద అక్కడ మా ఇద్దరి చేతా సంతకం పెట్టించుకున్నారు. బుకింగ్ ఫారంలో ఆమె స్వారీ స్థాయి ‘ఇంటర్మీడియట్’ అని నేనే రాశాను. నిజానికి ఆమె నేర్చుకున్నది ఎనిమిది క్లాసులే. మాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: మీ కేసు తేలేది ఒక్క ప్రశ్న మీద. ఈ యాత్రని మీకు అమ్మింది ఎవరు? హైదరాబాదు ఏజెన్సీయే అమ్మిందని రుజువైతే విజయవాడలోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు నడుస్తుంది. వాళ్లు కేవలం మధ్యవర్తులని తేలితే మీరు బల్గేరియా కోర్టు మెట్లెక్కాలి. మీ ఉత్తరంలో నొప్పి గురించి రెండు పేజీలున్నాయి గానీ ఇన్‌వాయిస్‌లో ఏముందో ఒక్క ముక్క లేదు.

ఈరోజే ఆదాయపన్ను పోర్టల్‌లోకి వెళ్లి డబ్బు కట్టిన వారి పాన్ మీద 2024-25 ఆర్థిక సంవత్సరపు ఫారం 26ఏఎస్, అంటే ఆ పాన్ మీద జమైన పన్నుల పట్టిక, తీయండి. అందులో టీసీఎస్ భాగం చూడండి. విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మినవాళ్లు కొనుగోలుదారు దగ్గర పన్ను వసూలు చేసి జమ చేయాలి. మీరు కట్టినప్పుడు 7 లక్షల వరకు అది 5 శాతం. అంటే మీ మొత్తం మీద 31,000 దాకా ఉండాలి. ఆ వరుసలో ఏజెన్సీ పేరు, పన్ను వసూలు చేసేవాళ్లకి ఇచ్చే ట్యాన్ నంబరు, సెక్షన్ గడిలో 206సీఓ అని ఉంటే సగం కేసు అక్కడే నిలబడుతుంది. ఎందుకంటే ఆ సెక్షన్ ప్యాకేజీ అమ్మినవారికి వర్తించేది. ‘మేం అమ్మాం’ అని ఆదాయపన్ను శాఖకి చెప్పి, ‘మేం అమ్మలేదు’ అని కమిషన్‌కి చెప్పడం కుదరదు.

తర్వాత జీఎస్టీ ఇన్‌వాయిస్ తీయండి. మొత్తం ప్యాకేజీ ధర మీద 5 శాతం వేశారా, లేక తమ కమిషన్ మీద మాత్రమే 18 శాతం వేశారా? మొదటిది టూర్ ఆపరేటర్ వేసే పన్ను, రెండోది ఏజెంటు వేసేది. సేవల కోడ్ దగ్గర చిన్న అక్షరాల్లో 998555 ఉంటే అది టూర్ ఆపరేటర్ సేవల కోడ్. ఇంకొకటి, డబ్బు కట్టేనాటికి మీకిచ్చిన కాగితాల్లో, అక్కడ స్వారీ నడిపిన గుర్రాల శాల పేరు ఎక్కడైనా ఉందా? లేకపోతే ఏజెన్సీ తాను ఏజెంటునని నిరూపించుకున్నా తప్పించుకోవడం కష్టం. 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 230 ప్రకారం, తాను ఎవరి తరఫున ఒప్పందం చేస్తున్నాడో పేరు చెప్పని ఏజెంటు ఆ ఒప్పందానికి తానే బాధ్యుడని చట్టం ముందుగా అనుకుంటుంది.

ఇక గడువు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం, వ్యాజ్య కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. ప్రమాదం 2024 సెప్టెంబరు 12న జరిగింది కాబట్టి ఏజెన్సీ మీద గడువు 2026 సెప్టెంబరు 12తో సరి. ‘విచారణ జరుగుతోంది’ అని వాళ్లు పంపిన మెయిళ్లు ఈ గడువుని ఒక్కరోజు కూడా పొడిగించవు. మీరు లాయరు నోటీసు పంపినా గడువు పెరగదు. ఇంత చదువుకున్నవాళ్లు ఏడాదిన్నర పైగా మెయిళ్లు నమ్ముకుని కూర్చోవడం పెద్ద తప్పు. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలుంది గానీ, ‘ఏజెన్సీ ఆగమంది’ అన్నది తగిన కారణమని కమిషన్ ఒప్పుకుంటుందన్న నమ్మకం పెట్టుకోకండి. చివరి వారం దాకా ఆగకుండా వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ వేదిక ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు దాఖలు చేయండి. మీరు నివసించే జిల్లాలో వేసుకునే హక్కు సెక్షన్ 34 ఇచ్చింది. ‘వివాదాలన్నీ హైదరాబాదు కోర్టుల్లోనే’ అని వాళ్ల షరతుల్లో ఉన్నా ఆ హక్కు పోదు. పరిహారం ఎంత అడుగుతున్నారన్నది కాదు, సేవకి మీరు కట్టిన ధరే కమిషన్ పరిధిని నిర్ణయిస్తుంది. 50 లక్షల లోపు జిల్లా కమిషనే. 6,20,000కి ఫీజు 200 రూపాయలు.

ఇప్పుడు ఆ వాయిస్ మెసేజ్ సంగతి. మెట్ల కథ పొరపాటున కూడా రాయకండి. బల్గేరియా ఆసుపత్రి డిశ్చార్జి అప్పుడు ‘ఎపిక్రిజా’ అనే సారాంశ పత్రం ఇస్తుంది. గాయం ఎలా అయిందో రోగి చెప్పిన మాట అందులో ఉంటుంది. గుర్రం మీంచి పడిందని అందులో ఇప్పటికే ఎక్కి ఉంటుంది, మీరు మొదట పెట్టిన క్లెయిమ్ ఫారంలోనూ అదే ఉంది. రెండో కథ రాసిన మరుక్షణం ఇన్సూరెన్సు వాళ్లకి తిరస్కరించడానికి మోసం అనే గట్టి కారణం దొరుకుతుంది. మీ మీద భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం కేసు పెట్టే దారి తెరుచుకుంటుంది. అంతకన్నా నష్టం ఇంకోటుంది. ‘జీను తిరిగి పడలేదు, మెట్ల మీద పడ్డామని వాళ్లే రాశారు’ అని అదే ఏజెన్సీ రేపు కమిషన్ ముందు చూపిస్తుంది. ఆ సలహా వాళ్ల దగ్గర్నుంచే ఎందుకు వచ్చిందో ఆలోచించండి. ఆ మెసేజ్‌ని మాత్రం చెరపకండి, అది మీకే పనికొస్తుంది. వోచర్ కూడా తీసుకోకండి. దానితో వచ్చే కాగితంలో ‘పూర్తి, తుది పరిష్కారం’ అన్న మాట ఉంటుంది. దాని కింద సంతకం పెడితే చాలు, మీ కేసు ముగిసినట్టే.

తప్పు ఎవరిదన్న విషయానికొద్దాం. గుర్రం మీంచి పడటం ఒక్కటే నిర్లక్ష్యానికి రుజువు కాదు. మందని కాసే కుక్క మీదికొస్తే గుర్రం బెదరొచ్చు, రాయి మీద కాలు జారొచ్చు. ఆ ప్రమాదాన్ని రైడరు ఒప్పుకునే ఎక్కుతాడు, మీరు సంతకం పెట్టిన కాగితం అంతవరకే పనిచేస్తుంది. జీను పక్కకి తిరగడం వేరు. పొట్ట కింది పట్టీ, అంటే గర్త్, వదులుగా ఉంటే జీను తిరుగుతుంది. పొద్దున బిగించేటప్పుడు గుర్రం ఊపిరి బిగబడుతుంది. పది పదిహేను నిమిషాలు నడిచాక పట్టీ వదులవుతుంది, గైడ్ దిగి ఒకటి రెండు రంధ్రాలు పైకి బిగించాలి. మధ్యాహ్నం గుర్రానికి విశ్రాంతి ఇస్తూ పట్టీని కావాలనే వదులు చేస్తారు. మళ్లీ ఎక్కేముందు ఒకసారి, నిటారు దిగుడు మొదలయ్యేముందు ఇంకోసారి బిగించాలి. దిగుడులో బరువంతా ముందుకి పడుతుంది, పట్టీ వదులుంటే జీను భుజాల మీదికి జారి తిరుగుతుంది. మీ భార్య భోజనం తర్వాతే పడింది. మీ ఫిర్యాదులో మధ్య పేరా ఇదే కావాలి.

దీన్ని రుజువు చేసేవి ఫొటోలు. భోజనం దగ్గర గుర్రాలతో దిగిన ఫొటోలు, మళ్లీ ఎక్కాక తీసినవి, పడ్డాక తీసినవి అన్నీ ఒకచోట పెట్టి పెద్దవి చేసి చూడండి. జీను అంచు కింద, రికాబు వెనకాల రెండు బకిళ్లు, వాటిపైన రంధ్రాలున్న తోలు పట్టీలు కనిపిస్తాయి. భోజనం దగ్గర బకిల్ ఏ రంధ్రంలో ఉందో, ఎక్కాక తీసిన దాంట్లోనూ అదే రంధ్రంలో ఉంటే గైడ్ బిగించలేదన్నట్టే. ఈ ఫొటోలు వాట్సాప్‌లో మామూలు ఫొటోలుగా పంపుకోకండి, తీసిన సమయం వివరాలు పోతాయి. అసలు ఫైళ్లు ఆ ఫోన్‌లోనే ఉంచి, డాక్యుమెంటుగా మాత్రమే కాపీ చేయండి. కెమెరాతో తీసినవైతే గడియారం భారత సమయంలో ఉండి ఉండొచ్చు. సెప్టెంబరులో బల్గేరియా మనకన్నా రెండున్నర గంటలు వెనక, ఆ తేడా అఫిడవిట్‌లో మీరే ముందుగా చెప్పండి. ఫొటోలకీ, వాయిస్ మెసేజ్‌కీ భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయండి. అందులో ఒక భాగం ఫోన్ ఎవరిదో వాళ్లు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి, ఫైల్ హాష్ విలువ, అంటే ఫైలు మారలేదని చూపే కంప్యూటర్ గుర్తు, రాయాలి.

‘ఇంటర్మీడియట్’ అని రాయడం మీ తప్పే. ఆ ఫారం చూసే గుర్రాన్నీ, దారినీ, గుంపునీ ఎంచుతారు. ఎనిమిది క్లాసులు మైదానంలో తిరిగిన మనిషిని రోజుకి ఐదారు గంటల కొండదారికి పంపడానికి ఆ ఒక్క టిక్కు కారణమైంది. దీన్ని దాచకండి, ఫిర్యాదులో మీరే చెప్పండి. పరిహారంలో కొంత కోత పడొచ్చు. అయితే అనుభవం ఎంతున్నా పట్టీ బిగించాల్సింది గైడే, ఆ మాట పక్కనే రాయండి. ప్రమాదాలకి బాధ్యత మాదే అని మీరు సంతకం పెట్టిన కాగితాన్ని ‘అన్యాయమైన ఒప్పందం’ అంటూ మాత్రం దాడి చేయకండి. ఆ పేరుతో విచారించే అధికారం రాష్ట్ర, జాతీయ కమిషన్లకే ఉంది, జిల్లా కమిషన్‌లో ఏజెన్సీ దాన్నే పట్టుకుని కాలయాపన చేస్తుంది. ఆ కాగితం గుర్రాల శాలకీ మీకూ మధ్యది, సహజ ప్రమాదాలకే తప్ప నిర్లక్ష్యానికి కాదు, ఇంతే రాయండి.

ఇన్సూరెన్సు విషయంలో తప్పు ఏజెన్సీ మీదికే తిరుగుతుంది. స్వారీ యాత్ర అమ్ముతూ, స్వారీకి వర్తించని పాలసీని అదే ప్యాకేజీలో కట్టి ఇచ్చారు. ముఖ్య సమాచారం దాచడాన్ని కూడా వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(11) సేవాలోపం కిందే లెక్కిస్తుంది. షెంగెన్ వీసాకి, అంటే ఐరోపా దేశాల ఉమ్మడి వీసాకి, కావాల్సిన కనీస 30,000 యూరోల వైద్య కవరు ఉంటే వీసా వచ్చేస్తుంది, స్వారీ కవరుందా లేదా అని అక్కడెవరూ చూడరు. అది చూడాల్సింది ఏజెన్సీ. ఇన్సూరెన్సు కంపెనీని కూడా వదలకండి. ‘అడ్వెంచర్ స్పోర్ట్స్’ అని పాలసీలో ఎలా నిర్వచించారో, గైడు వెంట నడిపించే స్వారీ అందులో ఉందో లేదో పదం పదం చదవండి. మినహాయింపు వర్తిస్తుందని రుజువు చేయాల్సింది వాళ్లే. పాలసీ షరతుల పూర్తి పత్రం మీకు ఎప్పుడూ అందలేదంటే, చెప్పని మినహాయింపుని కంపెనీ వాడుకోలేదని సుప్రీంకోర్టు 2019లో భారత్ వాచ్ కంపెనీ కేసులో చెప్పింది.

ఇన్సూరెన్సు ఫిర్యాదులు తేల్చే హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దారి ఉచితం, 50 లక్షల వరకు అవార్డు ఇవ్వగలరు. కానీ ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా రాసి ఉండాలి. అదే విషయం మీద కమిషన్‌లో కేసుంటే అక్కడ తీసుకోరు. మీ కేసులో నా సలహా, ఏజెన్సీని మొదటి ప్రతివాదిగా, ఇన్సూరెన్సు కంపెనీని రెండో ప్రతివాదిగా ఒకే ఫిర్యాదు. విడివిడిగా వెళ్తే ఒకరు ఇంకొకరి మీదికి తోస్తారు, ఒకే బల్ల ముందు ఆ పని చేయలేరు. ఫిర్యాదుదారులుగా మీ ఇద్దరి పేర్లూ పెట్టండి. డబ్బు మీరు కట్టినా, సేవ పొందిన ఆమె కూడా చట్టప్రకారం వినియోగదారే.

గుర్రాల శాలని ప్రతివాదిగా చేర్చమని ఏజెన్సీ అడుగుతుంది. అవసరం లేదు. విదేశానికి నోటీసు అందడానికే నెలలు పడుతుంది, మన కమిషన్ ఆర్డరు బల్గేరియాలో నేరుగా అమలు కాదు. ప్యాకేజీ నిర్వాహకుడు తన కింద పనిచేసినవాళ్ల తప్పుకీ జవాబుదారీ అని 2015 నాటి యూరోపియన్ యూనియన్ ప్యాకేజీ ట్రావెల్ ఆదేశం కూడా అంటుంది, కానీ ఆ దారిలో అక్కడి లాయరు, అనువాదాలు, ప్రయాణాలు మీ నెత్తిన పడతాయి. ఏజెన్సీకి కావాలంటే, మీకు చెల్లించాక ఆ డబ్బు శాల దగ్గర రాబట్టుకోమనండి.

లెక్కలు కాగితాలతోనే చెప్పండి. ఆసుపత్రి బిల్లు అప్పటి బల్గేరియా కరెన్సీ లెవాల్లో ఉంటుంది, బల్గేరియా 2026 జనవరి 1న యూరోకి మారింది. స్థిరరేటు 1 యూరోకి 1.95583 లెవాలు. ఎంత లెక్క వేసినా, మీ కార్డు స్టేట్‌మెంట్‌లో పడ్డ రూపాయలే నికర రుజువు, దాన్ని బిల్లు పక్కనే జతచేయండి. ఎపిక్రిజా, బిల్లులు బల్గేరియన్‌లో ఉంటాయి కాబట్టి ధ్రువీకరించిన ఇంగ్లిషు అనువాదం చేయించండి. ఆమె ఆదాయ నష్టానికి ప్రమాదానికి ముందు మూడేళ్లవీ తర్వాతవీ ఐటీ రిటర్నులు, క్లినిక్ అపాయింట్‌మెంట్ పుస్తకం. చెయ్యి ఎంతవరకు తిరుగుతుందో ఎముకల డాక్టరు డిగ్రీల్లో కొలిచి రాసిన సర్టిఫికెట్ తప్పనిసరి. ‘నొప్పిగా ఉంది’ అన్న మాటకి పరిహారం కట్టరు.

ఆ రోజు గుంపులో మీతో స్వారీ చేసినవాళ్ల నంబర్లు మీ ఫోన్‌లో ఉండే ఉంటాయి. భోజనం తర్వాత గైడ్ ఆమె గుర్రం పట్టీని చూశాడా లేదా, ఎవరు ఎక్కించారు, ఎంతసేపటికి పడింది, ఈ మూడు ప్రశ్నలే అడగండి. మన దేశంలో ఉన్నవాళ్ల చేత నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించండి, విదేశీయులైతే సంతకం చేసిన లేఖ స్కాన్ చేసి మెయిల్‌లో పంపమనండి. జవాబు వాళ్ల మాటల్లోనే రావాలి, మీరు రాసిచ్చి సంతకం పెట్టించకండి.