ట్వీటర్ పోయిందని అప్పుడే తీర్మానించకండి

ప్రశ్న: మా ఇంట్లో పాత స్టీరియో ఉంది. కుడివైపు స్పీకర్లో ట్వీటర్ (సన్నటి పై శ్రుతులు పలికే చిన్న స్పీకర్) మోగడం లేదు, పాటంతా గోనెసంచి కప్పినట్టు వినిపిస్తోంది. షాపులో అడిగితే సెట్టే మార్చుకోమన్నారు. బాగు చేయించుకోవచ్చా, వదిలేయాలా?

వదిలేయకండి. మన నెల్లూరు, ఒంగోలు వైపు ఎవరైనా "ట్వీటర్ పోయింది" అంటే నేను సగమే నమ్ముతాను. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ట్వీటర్ అంత తొందరగా పోదు, దాని దాకా కరెంటు వెళ్లే దారి పోతుంది. ఈ మాట మెకానిక్‌లు ఒప్పుకోరు. ఒప్పుకుంటే కొత్త సెట్ అమ్ముడుపోదు కదా.

మీరు ఒక సంగతి రాయలేదు. ఎడమ, కుడి వైర్లు మార్చి చూశారా? ఆంప్లిఫయర్ ఆపేసి, వెనక కుడి స్పీకర్ వైరు తీసి ఎడమ దాంట్లో, ఎడమది కుడి దాంట్లో పెట్టండి. ఆపకుండా మాత్రం చేయకండి. రెండు తీగలు ఒకదానికొకటి తగిలాయంటే ఆంప్లిఫయర్ లోపల ఐసీ (చిప్) పోతుంది, అప్పుడు షాపువాడు చెప్పిందే నిజమవుతుంది. వైర్లు మార్చాక ఎడమ పెట్టె మూగబోతే తప్పు ఆంప్లిఫయర్‌ది, లేదా పాట లోపలికి వచ్చే పిన్నుది. కుడి పెట్టే మళ్లీ మూగగా ఉంటే తప్పు పెట్టెలోనే. ఇంతవరకు మల్టీమీటరూ అక్కర్లేదు, మెకానిక్కూ అక్కర్లేదు.

వినేటప్పుడు న్యూస్ పేపరు గొట్టంలా చుట్టి ఒక చివర ట్వీటర్ ముందు, రెండో చివర చెవి దగ్గర పెట్టుకోండి. లేకపోతే కింద ఉన్న వూఫర్ (బేస్ పలికే పెద్ద స్పీకర్) శబ్దమే వినిపించి ట్వీటర్ కూడా మోగుతోంది అనిపిస్తుంది. పాట కూడా చూసి పెట్టండి. ఘంటసాల గారి కాలం పాటలు ఎంత గొప్పవైనా ఈ పరీక్షకి పనికిరావు, ఆ రికార్డింగుల్లో ట్వీటర్‌కి పెద్దగా పని ఉండదు. మీడియం వేవ్ రేడియో అసలే వద్దు. తాళాలు, మువ్వలు, గాజుల చప్పుడు బాగా పడిన కొత్త రికార్డింగ్ కావాలి. బాలు గారు పాడిన పాటైతే "స", "శ" పలికేచోట చెవి పెట్టండి. మా నెల్లూరు మనిషని చెప్పడం లేదు, ఆయన అక్షరం అంత స్పష్టంగా ఉంటుంది కాబట్టి తేడా ఇట్టే తెలిసిపోతుంది.

యాభై దాటినవాళ్లయితే ఈ పరీక్ష ఒంటరిగా చేయొద్దు. వయసు పెరిగేకొద్దీ చెవికి ముందుగా తగ్గేది ఆ పై శ్రుతులే. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లనో పిల్లాణ్ణో పిలిచి వినమనండి. వాళ్లకి వినిపించేది మనకి వినిపించదు, అందులో సిగ్గుపడాల్సిందేం లేదు.

ఇక మా బావ స్పీకర్ సంగతి. నిజం చెప్పాలంటే ఇది రాయడానికే మీ ప్రశ్న పట్టుకున్నాను.

అక్కావాళ్లది కావలి. తుమ్మలపెంట సముద్రం అక్కణ్ణుంచి ఎంతో దూరం లేదు. సాయంత్రం గాలి తిరిగిందంటే కిటికీ ఊచలు పట్టుకుంటే చేతికి జిగురుగా తగులుతుంది. ఆ ఊచలకి ఏటా రంగు వేయిస్తారు గానీ, ఆ కిటికీ కిందే కూర్చున్న స్పీకర్లని ఎవరూ పట్టించుకోలేదు. చెక్క పెట్టెల స్టీరియో. ఒక్కో పెట్టెలో కింద వూఫర్, పైన బట్టతో చేసిన గుమ్మటం ట్వీటర్. బావ రిటైరైన లెక్కల మాస్టారు, పొద్దున్నే సుప్రభాతం దగ్గర్నుంచి దాంట్లోనే. ఉన్నట్టుండి కుడిది మూగబోయింది.

పెట్టెని ఆటోలో వేసుకుని ఒక షాపుకి తీసుకెళ్లారు. అక్కడాయన వెనక ఉన్న ఎరుపు, నలుపు టెర్మినళ్లకి మీటరు ఆనించి, "ఆరు ఓములు చూపిస్తా ఉండాది సార్, స్పీకర్ బ్రహ్మాండంగా ఉంది, మీ ఆంప్లిఫయర్ పోయుండాది" అన్నాడట. ఇంకో షాపులో మీటరు కూడా తీయలేదు. "ట్వీటర్ కాయిల్ పోయుంటాది, దీనికి స్పేర్ రాదు. సౌండ్ బార్ తీసుకోండి, బ్లూటూత్ కూడా ఉంటాది" అని ఒక డబ్బా తెచ్చి ముందు పెట్టాడట.

ఆ మొదటి షాపాయన మీద నాకు ఇప్పటికీ కోపమే. వెనక టెర్మినల్ దగ్గర మీటరు పెడితే ట్వీటర్ గురించి ఏం తెలుస్తుంది? ట్వీటర్‌కి ముందు ఒక కెపాసిటర్ ఉంటుంది. బేస్ శబ్దం ట్వీటర్ దాకా రాకుండా అడ్డుకోవడం దాని పని. మీటరులోంచి వచ్చేది డీసీ, దాన్ని కెపాసిటర్ పూర్తిగా ఆపేస్తుంది. అంటే మీటరుకి కనబడేది వూఫర్ ఒక్కటే. ట్వీటర్ బాగున్నా, కాలిపోయినా, ఎవరో విప్పుకుని ఎత్తుకుపోయినా అదే ఆరు ఓములు చూపిస్తుంది. ఫోన్ల డిస్‌ప్లేలు మార్చడం వచ్చినవాళ్లందరూ స్పీకర్ రిపేరు బోర్డు కూడా పెట్టేస్తే ఇట్టాగే ఉంటుంది. టేప్ రికార్డర్లు బాగుచేసిన తరం షాపులు మూసుకున్నాక మన ఊళ్లలో సోల్డరింగ్ ఐరన్ వాసన వచ్చే కొట్టే కరువైపోయింది.

సంక్రాంతికి నేను వెళ్లేసరికి ఆ పెట్టె హాల్లో మూలన గోడకి తిప్పి ఉంది. "ఏమయ్యా, నీకు ఇట్టాంటివి తెలుసుగదా, ఒకసారి చూడు. లేకపోతే పాతసామానోడికి వేసేస్తా" అన్నారు బావ.

నేల మీద దుప్పటి పరిచి పెట్టెని వెల్లకిలా పడుకోబెట్టాం. ఇక్కడ ఒక జాగ్రత్త. వూఫర్ అయస్కాంతం చాలా మొండిది, స్క్రూడ్రైవర్‌ని చేతిలోంచి లాక్కుంటుంది. అది నేరుగా కోన్‌లోకి దిగితే ఉన్న స్పీకర్ కూడా పోతుంది. ఎడమ అరచెయ్యి కోన్‌కి అడ్డం పెట్టుకునే స్క్రూలు విప్పాలి. తుప్పు పట్టిన స్క్రూలు కిర్రుమంటూ వచ్చాయి. వూఫర్ పైకి లేపితే లోపల దూది, దూది అవతల గాలి గొట్టం నిండా కుమ్మరి పురుగు కట్టిన మట్టిగూడు. "అందుకే ఆ పురుగు హాల్లో తిరుగుతా ఉండేది, నేను ఎక్కడ పెట్టిందా అని వెతకని చోటు లేదు" అని అక్క వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. రెండు షాపులు తిరిగొచ్చిన పెట్టె అది. అంత గూడు ఎవరికీ కనబడలేదంటే ఇద్దరిలో ఒక్కరూ దాన్ని విప్పలేదన్నమాటే.

వెనక పలకకి చిన్న బోర్డు, దాని మీద రాగితీగ చుట్ట, 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్. ట్వీటర్ విప్పి, దానికి ఉన్న రెండు వైర్లూ ఊడదీశాను. ఊడదీయకుండా కొలిస్తే లాభం లేదు. కొన్ని పెట్టెల్లో ట్వీటర్‌కి అడ్డంగా ఒక కాయిల్ కూడా ఉంటుంది, మీటరు దాన్ని చూసి దాదాపు సున్నా చూపిస్తుంది. ఇక్కడ మీటరు 200 ఓముల మీద పెట్టి ట్వీటర్ పిన్నులకి ఆనిస్తే, డిస్‌ప్లేలో ఎడమ చివర "1" వచ్చి నిలబడింది. "ఒక ఓము ఉండాది గదా, బతికే ఉంది" అన్నారు బావ. లెక్కల మాస్టారికి అది అంకె. కానీ ఈ చవక మీటర్లలో ఎడమ చివర ఒంటరిగా నిలబడే 1 అంటే దారి తెగిందని. మంచి 8 ఓముల ట్వీటర్ అయితే ఐదున్నరకీ ఏడుకీ మధ్య ఎక్కడో చూపించాలి. 8 కి తక్కువ వచ్చిందని కంగారు పడక్కర్లేదు, ఆ 8 ఏసీ లెక్క, మీటరు కొలిచేది డీసీ.

ఇక్కడే అందరూ ఆపేస్తారు. కాయిల్ పోయింది, పారేయ్ అంటారు. కానీ టెర్మినల్ రేకు మొదట్లో పచ్చగా చిలుము కనబడింది నాకు. ట్వీటర్ ముందు పలక స్క్రూలు విప్పి, గుమ్మటాన్ని దాని కాయిల్‌తో సహా నిదానంగా పైకి తీశాం. కాయిల్ నుంచి బయటికి వచ్చే తీగ, రేకుకి సోల్డర్ చేసిన చోట, చిలుము తినేసి తెగిపోయి ఉంది. కాయిల్ మాత్రం నలుపెక్కలేదు, పూత ఎక్కడా ఊడలేదు. కాలిన కాయిల్ చూడగానే తెలుస్తుంది, ముదురు రంగు, మాడిన వాసన. ఇది కాలలేదు.

బావ పేపరు చదివే భూతద్దం ఇచ్చారు. మనవరాలు ఫోన్ టార్చ్ పట్టుకుంది. తెగిన తీగ చివర ఉన్న పూతని బ్లేడు మొనతో గీకాను, రాగి మెరుపు కనబడేదాకా. మామూలు మెత్తటి వైరులోంచి ఒక్క పోగు లాగి దానికి అతికించి, ఆ పోగుని రేకుకి 25 వాట్ల ఐరన్‌తో ఒక్క చుక్క సోల్డర్. ఎక్కువసేపు ఆనిస్తే రేకు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కరిగి మొత్తం వంకర తిరుగుతుంది. మీటరు పెడితే 5.8. బావ ఆ అంకెని పైకి చదివి, ఎడమ ట్వీటర్‌ది కూడా కొలవమన్నారు. 5.9. అప్పుడు ఆయనకి నమ్మకం కుదిరింది.

గుమ్మటం తిరిగి పెట్టేటప్పుడు కాయిల్ అయస్కాంతం సందులో సరిగ్గా మధ్యలో కూర్చోవాలి, పక్కకి ఒరిగితే గరగరలాడుతుంది. ఎరుపు చుక్క ఉన్న వైపు వైరు మళ్లీ అదే వైపు పెట్టాలి. పాట పెట్టాం. బావ కాసేపు విని, "ముందు కూడా ఇట్టానే ఉండేది గదయ్యా" అన్నారు. మనవరాలు మాత్రం, "లేదు తాతా, తాళాలు ఇప్పుడు రెండు పక్కలా వస్తున్నాయి" అంది. చెవుల గురించి పైన రాసింది ఊరికే రాయలేదు.

మీ దగ్గర ట్వీటర్ ఐదారు ఓములు చూపిస్తే అది బతికే ఉంది. ఒకటిన్నర వోల్టుల పెన్సిల్ బ్యాటరీని వైర్లు ఊడదీసిన ట్వీటర్‌కి ఒక్క క్షణం తాకించండి, టిక్కుమంటుంది. తొమ్మిది వోల్టుల బ్యాటరీ వద్దు. టిక్కుమంటే ఇక తప్పు కెపాసిటర్‌ది, లేదా మధ్యలో ఉన్న క్లిప్పులది. క్లిప్పుల చిలుము గరుకు కాగితంతో రుద్దితే పోతుంది. కెపాసిటర్ అయితే అదే విలువ ఉన్న ఫిల్మ్ రకం వేయండి, రెండు పెట్టెల్లోనూ ఒకేసారి. ప్లస్, మైనస్ గుర్తులున్న మామూలు ఎలక్ట్రోలైటిక్ ఇక్కడ వేయకూడదు. కొంతమంది మెకానిక్‌లు కెపాసిటర్ తీసేసి వైరు నేరుగా కలిపేస్తారు. ట్వీటర్ భేషుగ్గా మోగుతుంది, మీరు డబ్బులిచ్చి ఇంటికొస్తారు, బేస్ అంతా దాని మీద పడి కొన్నాళ్లకి నిజంగానే కాలిపోతుంది.

ఇంకో రకం ఉంది, పీజో ట్వీటర్. దానికి కాయిలే ఉండదు. బాగున్నదైనా మీటరులో తెగినట్టే చూపిస్తుంది. అది చూసి పారేయకండి.

నిజంగా కాయిల్ మాడిపోతే కొత్తది వేయాల్సిందే, కానీ ఓములు చూసుకుని. 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్‌తో 8 ఓముల ట్వీటర్ దాదాపు 4,200 హెర్ట్‌జ్ దగ్గర పని అందుకుంటుంది. అదే చోట 4 ఓములది పెడితే 8,400 దాకా సరిగ్గా పలకదు, మధ్యలో శబ్దం ఖాళీ. ఇవి నెల్లూరులో దొరక్కపోతే చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. మనవాళ్లు ఆసుపత్రులకీ పట్టుచీరలకీ ఎలాగూ చెన్నై వెళ్తూనే ఉంటారు, పాత ట్వీటర్ సంచిలో వేసి పంపండి. ఫోటో చాలదు, కన్నం సైజు కుదరాలి.

మరి కాయిల్ ఎందుకు మాడుతుంది? ఆంప్లిఫయర్ పవర్ ఎక్కువై అనుకుంటారు. ఇళ్లల్లో జరిగేది దానికి తిరగబడి ఉంటుంది. ఇంటి ఆంప్లిఫయర్‌ని వినాయక చవితి పందిట్లో పెట్టి, వాల్యూమ్, ట్రెబుల్ చివరికంటా తిప్పేస్తారు. దానికి శక్తి చాలక శబ్ద తరంగాల కొసలు తెగిపోతాయి. ఆ తెగిన శబ్దంలో పై శ్రుతుల పాళ్లు పెరిగి అదంతా ట్వీటర్ మీద పడుతుంది. పెట్టె మీద వంద వాట్లని రాసినా అందులో ట్వీటర్ మోసేది చాలా తక్కువ. ఇక డబ్బా మీద వేలల్లో పీఎంపీఓ వాట్లు (ఒక్క క్షణం వచ్చే గరిష్ఠ శక్తి పేరుతో చెప్పే లెక్క) వేసి అమ్మే సెట్ల గురించి రాస్తే నాకు బీపీ పెరుగుతుంది, అందుకని వదిలేస్తున్నాను. ఆ వాట్లు నిజమైతే మీ ఇంటి కరెంటు మీటరు తిరిగే తీరు వేరేగా ఉండేది.

మీరు ముందు ట్వీటర్‌కి ఉన్న రెండు వైర్లూ ఊడదీసి, కుడి ట్వీటర్ రీడింగ్, దాని పక్కన ఎడమ ట్వీటర్ రీడింగ్ ఇక్కడ రాయండి. సెట్ మోడల్ పేరు నాకు అక్కర్లేదు. కెపాసిటర్ మీద ఏ అంకె ఉందో రాయండి, ఏం కొనాలో చెబుతాను. షాపులోనే కొలిపించుకుంటానంటే, వైర్లు విప్పి కొలవమని అడగండి. అక్కర్లేదన్నాడంటే పెట్టె తీసుకుని వచ్చేయండి.