డ్యాన్స్ రానివాడు వెరాక్రూజ్ కార్నివాల్‌కి వెళ్తే

"హ్యూస్టన్ నుంచి మెక్సికోలోని వెరాక్రూజ్ కార్నివాల్‌కి వెళ్లాలని ఉంది. స్పానిష్ రాదు, డ్యాన్స్ అసలే రాదు. ఓ మూల నిలబడి చూసి రావడమేనా?" ఇదే కదా మీ సందేహం. నాదీ సరిగ్గా అదే కేసు. పెళ్లి బరాత్‌లో అందరి ఫోన్లూ పర్సులూ పట్టుకుని నిలబడే రకం నేను. అయినా అక్కడ డ్యాన్స్ చేశాను. అదీ డెబ్బై దాటిన ఓ పెద్దావిడతో.

ముందు ఊరేగింపు సంగతి. సముద్రం ఒడ్డున ఆవిలా కమాచో బులెవార్డ్ మీద సాగుతుంది. రోడ్డు పొడవునా మెట్ల సీట్లు కడతారు, టికెట్ ఉంటుంది. శకటానికో స్పీకర్ల గుట్ట. ముందు బండి మీద సల్సా, వెనక బండి మీద రెగ్గేటన్. వినాయక నిమజ్జనంలో రెండు డీజే లారీలు పక్కపక్కన ఇరుక్కుంటే ఎలా ఉంటుందో గుర్తు చేసుకోండి, అదే. మధ్యలో ఈకల కిరీటాలతో డ్యాన్స్ బృందాలు. రెండు గంటలు నోరు తెరుచుకుని చూశాను. మూడో గంటకి తలనొప్పి వచ్చింది. తక్కువకి వస్తోందని కొన్న సీటు సరిగ్గా ఎండకి ఎదురుగా ఉండటం ఇంకో తప్పు.

నన్నడిగితే అసలు వెరాక్రూజ్ పాత ఊరి మధ్యలో ఉన్న చౌక్‌లో ఉంది. సోకలో అంటారు. సాయంత్రాలు అక్కడ దాన్సోన్ అనే జంట డ్యాన్స్ ఆడతారు. దీని సంగీతం క్యూబా నుంచి గల్ఫ్ ఆఫ్ మెక్సికో దాటి వచ్చింది. 1879లో క్యూబాలోని మతాన్సాస్ ఊళ్లో మిగేల్ ఫైల్దే అనే సంగీతకారుడు వాయించిన దాన్ని మొదటి దాన్సోన్‌గా చెప్పుకుంటారు. క్లారినెట్లు, ట్రంపెట్లు, డ్రమ్ములు, వాటి మధ్య గీతలు చెక్కిన ఎండు కాయని పుల్లతో గీకే చిర్రుచిర్రు శబ్దం. ఆడేవాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లే. మగవాళ్లు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాల్లో, ఆడవాళ్ల చేతుల్లో విసనకర్రలు.

బ్యాండు మొదలవగానే నేను ఊగడం మొదలుపెట్టాను. పక్కనున్న పెద్దావిడ నా మోచేయి పట్టుకుని ఆపేసింది. చూస్తే ఎవరూ కదలడం లేదు! జంటలన్నీ నిలబడి, విసురుకుంటూ, బ్యాండు వైపు చూస్తున్నాయి. తర్వాత అర్థమైంది. దాన్సోన్ పాటలో మొదట వచ్చే బాణీ వరస వాయిస్తున్నంతసేపూ ఆడకూడదు. పాట మధ్యలో ఆ వరస మళ్లీ వచ్చినప్పుడల్లా ఆగిపోవాలి. ఆ ఉక్కలో అది విశ్రాంతి కూడానేమో. వరస ముగిసే క్షణానికి విసనకర్రలన్నీ టప్పున మూసుకున్నాయి, అందరూ ఒకేసారి కదిలారు. ఒళ్లు జలదరించింది.

ఆవిడ విసనకర్ర కొసతో నేల మీద ఓ చిన్న చదరం చూపించి, "ఊనో, దోస్, త్రెస్, క్వాత్రో" అంది. అంతే పాఠం. ఒక్క ఇటుక మీదే ఆడాలని అక్కడ అంటుంటారు, అంత చిన్న అడుగులు. గెంతక్కర్లేదు, నడుము తిప్పక్కర్లేదు. మనలాంటి వాళ్లకి దేవుడిచ్చిన డ్యాన్స్. రెండుసార్లు ఆవిడ కాలు తొక్కాను. రెండోసారి ఏదో అంది, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. స్పానిష్ రాకపోవడమే మంచిదైంది.

వీలైతే మొదటి రోజుకే చేరుకోండి. "చెడ్డ మూడ్‌ని తగలబెట్టడం"తో పండగ మొదలవుతుంది. జనానికి చిరాకు తెప్పించిన ఎవరిదో ఒకరి బొమ్మ చేసి కాలుస్తారు. చివరి రోజున హువాన్ కార్నవాల్ అనే బొమ్మకి దొంగ ఏడుపులతో అంత్యక్రియలు చేస్తారు.

పొద్దున్నే గ్రాన్ కఫే దె లా పరోకియాకి వెళ్లి లెచేరో అడగండి. గ్లాసు అడుగున చిక్కటి డికాషన్ ఇస్తారు. స్పూన్‌తో గ్లాసు మీద టింగుటింగుమని కొడితే వెయిటర్ వచ్చి పైనుంచి ధారగా వేడి పాలు పోస్తాడు. నాకైతే మా ఊరి కాఫీ హోటల్ గుర్తొచ్చింది.

మిగతావి క్లుప్తంగా. పాస్‌పోర్ట్‌లో అమెరికా వీసా స్టాంపు గడువు దాటకుండా ఉంటే మెక్సికోకి వేరే వీసా అవసరం లేదు. మెక్సికో సిటీ నుంచి బస్సులో అయిదారు గంటలు. ఈ కార్నివాల్ ఒకప్పుడు ఫిబ్రవరి, మార్చిల్లో వచ్చేది. 2022లో వేసవికి మార్చారు. తేదీలు మళ్లీ మారొచ్చు, కాబట్టి మీరు వెళ్లే ఏడాది తేదీలు చూసుకున్నాకే ఫ్లైట్ బుక్ చేయండి. ఉక్కపోత మామూలుగా ఉండదు. దిగగానే ఓ విసనకర్ర కొనుక్కోండి. మగాడి చేతిలో ఉన్నా అక్కడెవరూ ఏమీ అనుకోరు.